అరవై టిక్కీల లోటు: అసలు ఖరీదు ఎంత?

గుంటూరు యార్డుకు మిర్చి రాబడులు తగ్గి, సరుకు ఏసీ గిడ్డంగులకు చేరిన తరువాత నిల్వదారు దృష్టి అంతా ధారణ మీదనే వుంటుంది. తేజ ఎంత పలికింది, 334కు అడుగు వున్నదా, ఎగుమతిదారులు కొనుగోళ్లకు దిగారా అన్నదే రోజూ సంభాషణ. క్వింటాలుకు రెండు వందలు తగ్గితే నిద్ర పట్టని వర్తకుడు, లోపల పేర్చిన సరుకు లెక్క సరిగా వున్నదా అని ఆరు నెలలపాటు అడగడు. తీరా డెలివరీ నాడు లాటు విప్పితే 60 టిక్కీలు తక్కువ తేలుతాయి.

గుమాస్తా కొనుగోలు పుస్తకం తీసి, టిక్కీ 40 కిలోల చొప్పున 24 క్వింటాళ్లు, క్వింటాలు 15,000 రూపాయలు, మొత్తం 3,60,000 రూపాయలు నష్టమని చెబుతాడు. యజమాని కూడా ఆ అంకెనే మనసులో పెట్టుకుని, ఒక రోజు కేకలు వేసి, కాపలావాడిని మార్చి, ఆ మొత్తాన్ని నష్టాల ఖాతాకు రాయిస్తాడు. ఆ అంకె తప్పు. పోయిన సరుకు ఖరీదును కొన్న ధరలో కొలవటం వల్లనే మన మార్కెట్లలో భద్రత మీద పెట్టవలసిన ఖర్చు ఎంతో, ఎక్కడ పెట్టాలో తేలటం లేదు.

లెక్క చూద్దాం. ఇక్కడ వేసుకున్న ధరలు నేటి ధారణలు కావు. పద్ధతి తెలియటానికి తీసుకున్న అంకెలు మాత్రమే.

ఈ వర్తకుడు 1,500 టిక్కీలు, అనగా 600 క్వింటాళ్లు నిల్వ చేశాడనుకుందాం. అందులో 240 క్వింటాళ్లు ఒక ఎగుమతిదారుకు క్వింటాలు 17,500 చొప్పున ముందే బేరం చేశాడు. డెలివరీ నాటికి మార్కెట్టు 18,500కు పెరిగింది. 60 టిక్కీలు తగ్గాయి కనుక బేరం నిలబెట్టుకోవటానికి బయట 24 క్వింటాళ్లు కొనాలి. దానికి 4,44,000 రూపాయలు కావాలి. అంటే పుస్తకంలో వున్నది మార్చి నాటి ధర. జేబులోనుంచి పోయేది సెప్టెంబరు ధర. పెరిగే మార్కెట్టులో లాభం కోసమే సరుకు ఆపుకున్నాము గనుక, సరుకు పోయినప్పుడు ఆ పెరుగుదల అంతా మనకే ఎదురు తిరుగుతుంది.

దీనికి తోడు పన్ను. కేంద్ర జీఎస్టీ చట్టం 17వ సెక్షను 5వ ఉపసెక్షను ప్రకారం పోయిన, దొంగిలించబడిన, ధ్వంసమైన, లేదా పుస్తకాలలో రద్దు చేసిన సరుకు మీద ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ రాదు. ముందే వాడుకొని వుంటే తిరిగి కట్టవలసినదే. ఎండు మిర్చిని 5 శాతం పన్ను చెల్లించి కొని వుంటే క్వింటాలుకు 750 చొప్పున 24 క్వింటాళ్లకు 18,000 రూపాయలు. మొత్తం పెద్దది కాకపోవచ్చు. కాని ఈ ఎంట్రీ వేయకుండా వదిలేసిన వర్తకులకు తరువాతి ఆడిట్‌లో వడ్డీతో సహా తగులుతుంది. దొంగ ఎత్తుకుపోయిన సరుకుకు మళ్లీ పన్ను ఏమిటని విసుక్కోవటం సహజమే, కాని చట్టం ఆ మాట వినదు.

ఇప్పటికి నష్టం 4,62,000 రూపాయలు. గుమాస్తా చెప్పినదానికంటె లక్షా రెండు వేలు ఎక్కువ.

ఇక్కడ ఒక పొరపాటు జరగటానికి అవకాశం వున్నది. ఏసీ అద్దె, ముఠా కూలీ, గోతాలు, ఆరు నెలల వడ్డీ ఇవన్నీ కూడా కలపాలి కదా అని కొందరు అంటారు. బదులు సరుకు కొని బేరం తీర్చినప్పుడు వాటిని కలపరాదు. ఆ ఖర్చులు సరుకు వున్నా పెట్టవలసినవే. బేరం లేకుండా వూరికే నిల్వ వుంచిన సరుకు పోతే మాత్రం ఆ లెక్క వేరు. 15,000 మీద నూటికి 12 చొప్పున ఆరు నెలల వడ్డీ 900, అద్దె 500, గోతాం కూలీలు 250, పన్ను 750 అనుకుంటే క్వింటాలు 17,400 పడుతుంది. 24 క్వింటాళ్లకు 4,17,600. ఏదో ఒక పద్ధతిన లెక్క వేయాలి గాని రెండూ కలిపి నష్టాన్ని పెంచి చూపితే బీమా సర్వేయరు దగ్గర మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

నిజమైన దెబ్బ తెలియాలంటే 4,62,000 రూపాయలను లాభంతో పోల్చాలి. అన్ని ఖర్చులు పోను టర్నోవరు మీద నూటికి రెండు మిగిలే వర్తకుడు ఈ మొత్తాన్ని తిరిగి సంపాదించాలంటే 2 కోట్ల 31 లక్షల రూపాయల వ్యాపారం చేయాలి. క్వింటాలు 17,500 చొప్పున అది 1,320 క్వింటాళ్లు. టిక్కీలలో చెప్పుకుంటే 3,300. పోయినవి 60, ఆ గుంట పూడ్చటానికి కొని, మోయించి, అమ్మి, బాకీ వసూలు చేసుకోవలసినవి 3,300. నూటికి నాలుగు మిగిలేవాడికి అందులో సగం, 1,650 టిక్కీలు చాలు. మార్జిను ఎంత సన్నగా వుంటే లోటు అంత లావుగా తగులుతుంది.

బీమా వున్నది కదా అనుకునేవారు పాలసీ కాగితం ఒకసారి పూర్తిగా చదువుకోవాలి. నిప్పుకు తీసుకున్న పాలసీ దొంగతనానికి పనికిరాదు. బర్గ్లరీ పాలసీ వున్నా, గోడకు కన్నం వేసో తాళం పగులగొట్టో బలప్రయోగంతో లోపలికి వచ్చినట్లు, లేదా బయటికి పోయినట్లు ఆనవాలు వుండాలి. పాలసీలో ఆ షరతు వున్నప్పుడు బలప్రయోగం లేని దొంగతనానికి పరిహారం రాదని 2004లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. తలుపు తీసి వుండగా, రశీదు మీద సంతకంతో, పట్టపగలు పోయిన సరుకు బర్గ్లరీ కాదు. సొంత ఉద్యోగి చేతివాటానికి ఫిడిలిటీ గ్యారంటీ అనే పాలసీ వేరే వున్నది. మన వర్తకులలో దాన్ని తీసుకునేవారు తక్కువ. ఇక స్టాకు లెక్క పెట్టినప్పుడు తేలిన, కారణం చెప్పలేని తగ్గుదలను సాధారణంగా మినహాయింపులలోనే రాసి వుంచుతారు.

తాళం పగిలిందనే అనుకుందాం. అప్పుడు యావరేజి క్లాజు అడ్డు వస్తుంది. మార్చిలో 600 క్వింటాళ్లకు 15,000 చొప్పున 90 లక్షలకు బీమా చేశారు. దొంగతనం నాటికి అదే సరుకు 18,500 చొప్పున కోటీ 11 లక్షలు చేస్తున్నది. సరుకు విలువలో ఎంత భాగానికి బీమా వున్నదో అంత భాగమే కంపెనీ ఇస్తుంది. మార్కెట్టు ధర ప్రాతిపదికన 4,44,000 నష్టంలో 111కు 90 వంతుల లెక్కన వచ్చేది 3,60,000. అందులోనుంచి పాలసీదారు భరించవలసిన ఎక్సెస్ తీసివేస్తారు. ధర పెరిగినప్పుడల్లా బీమా మొత్తం పెంచుతూ ఎండార్స్‌మెంటు తీసుకోవటం కొద్దిపాటి ప్రీమియంతో అయ్యే పని. ధర పెరిగిందని మిఠాయిలు పంచేవారికి ఆ రోజు ఏజెంటుకు ఫోను చేయటం గుర్తుకు రాదు.

బ్యాంకు సంగతి ఇంకొకటి. సరుకు మీద క్యాష్ క్రెడిట్ వాడుకునేవారు నెలనెలా స్టాకు స్టేట్‌మెంటు ఇస్తారు. 25 శాతం మార్జిను వుంటే, కొన్న ధరలో 3,60,000 సరుకు తగ్గితే డ్రాయింగ్ పవరు 2,70,000 తగ్గుతుంది. సరిగా బయట కొనుగోలుకు డబ్బు అవసరమైన వారంలోనే ఈ కోత పడుతుంది. అయితే అంతకంటె ప్రమాదం మరొకటి. వర్తకుడు చెప్పకముందే బ్యాంకు తనిఖీ అధికారి లోటు పట్టుకుంటే, అది దొంగతనమా, లేని సరుకును స్టేట్‌మెంటులో చూపటమా అన్న అనుమానం వస్తుంది. తాకట్టు సరుకు విషయంలో ఆ అనుమానం ఒకసారి ఫైలులోకి ఎక్కితే లిమిటు పెంపుదల సమయంలో ప్రతి సంవత్సరం అది మళ్లీ పైకి వస్తుంది. లోటు తెలిసిన రోజునే బ్యాంకుకు ఉత్తరం ఇచ్చి చేతికి నకలు తీసుకోవటం మేలు.

సరుకు ఎలా పోతున్నదనే దానిపై కూడా మన ఊహ వేరు, వాస్తవం వేరు. రాత్రిపూట ముసుగు వేసుకుని వచ్చే దొంగ అరుదు. లారీలో 200 టిక్కీలకు బదులు 202 ఎక్కటం, ఒకే డెలివరీ చీటీ రెండుసార్లు చెల్లటం, నమూనా పేరిట ప్రతి లాటులోనుంచి దోసిళ్లు దోసిళ్లు పోవటం, చిరిగిన టిక్కీలలో కారిన కాయ వూడ్పులో కలిసి ఎటో పోవటం, ఇవే ఎక్కువ. వీటన్నిటికంటె పట్టుకోవటం కష్టమైనది మార్పిడి. మంచి తేజ టిక్కీ స్థానంలో తాలు కాయ టిక్కీ వచ్చి కూర్చుంటుంది. సంఖ్య సరిపోతుంది, బరువు కూడా దాదాపు సరిపోతుంది, విలువ మాత్రం వుండదు. లెక్కపెట్టేవాడు వరుసలు చూసి, అంకె వేసి వెళ్లిపోతాడు. కొనుగోలుదారు కోత పెట్టి చూసిన రోజు గాని బయటపడదు. ఆ రోజు పోయేది ఒక టిక్కీ కాదు, ఆ మార్కా మీద వున్న నమ్మకం. తరువాతి పది లారీలకు క్వింటాలుకు ఇంత అని ధర తగ్గించే అడుగుతారు.

వీటన్నిటికి తలదాచుకునే చోటు ఒకటి వున్నది. అది తరుగు ఖాతా. సరుకు తేమ పట్టి బరువు పెరగటం, ఆరి తగ్గటం సహజం గనుక పుస్తకంలో తరుగు అని ఒక పద్దు వుండక తప్పదు. నూటికి ఇంత వరకు పోతుందని ఆనవాయితీగా ఒప్పుకున్న తరువాత, ఆ హద్దు లోపల ఏమి పోయినా ఎవరూ అడగరు. హద్దు ఎంత వుంటే తరుగు సరిగ్గా అంతే వస్తున్నదంటే వర్తకుడు అనుమానించాలి. ప్రకృతి అంత ఖచ్చితంగా వుండదు. ఒక లాటుకు ఎక్కువ, ఒక లాటుకు తక్కువ, వానాకాలంలో ఒకచోట పెరుగుదల కూడా కనపడాలి. తేమ వల్ల తగ్గినది, చిరుగు కారుడు వల్ల తగ్గినది, కారణం తెలియనిది అని మూడు పద్దులుగా విడదీసి రాయిస్తే చాలు. మూడవ పద్దు ఏ నెలలో, ఎవరి డ్యూటీలో లావవుతున్నదో పుస్తకమే చెబుతుంది.

అయితే అనుమానానికి కూడా ఖరీదు వున్నది. ఈ వ్యాసకర్త చాలాకాలం కిందట దగ్గరగా చూసిన ఒక సంఘటన చెప్పుకోవాలి. పేరు అవసరం లేదు. ఒక నిల్వదారుకు నలభై పైచిలుకు టిక్కీలు తక్కువ వచ్చాయి. పదిహేనేళ్లుగా వున్న గుమాస్తా మీద నింద పడింది. ముఠా మేస్త్రీని కూడా నలుగురిలో ఒక మాట అన్నారు. గుమాస్తా మానేశాడు. ముఠావారు ఆ షాపు లారీలకు నాలుగు రోజులు చేయి వేయలేదు. సీజను మధ్యలో నాలుగు రోజులు! రెండు నెలల తరువాత అదే గిడ్డంగి పక్క చాంబరులో మరొకరి లాటు వెనుక ఆ టిక్కీలు మార్కాతో సహా కనపడ్డాయి. దింపిన రోజు చీటీ మీద చాంబరు నెంబరు తప్పు పడింది. సరుకు తిరిగి వచ్చింది గాని, ఏ రైతు సరుకు ఎలా వుంటుందో కళ్లు మూసుకుని చెప్పగల మనిషి తిరిగి రాలేదు. ఆయన ఎదురు వీధిలో మరొక కొట్టులో కూర్చున్నాడు. అతని వెంట కొందరు రైతులూ వెళ్లారు. ఈ నష్టం ఏ ఖాతాకు రాయాలో ఆ యజమానికి నాటికీ తెలియలేదు.

గిడ్డంగిదారు బాధ్యత గురించి కూడా అపోహ వున్నది. భారత కాంట్రాక్టు చట్టం 1872, 151వ సెక్షను ప్రకారం సరుకు అప్పగించుకున్నవాడు, సాధారణ వివేకం గల మనిషి తన సొంత సరుకు పట్ల ఎంత జాగ్రత్త తీసుకుంటాడో అంత తీసుకోవాలి. అంత తీసుకున్నాడని రుజువైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, 152వ సెక్షను అతన్ని బాధ్యతనుంచి తప్పిస్తుంది. అందువల్ల రశీదు వెనుక చిన్న అక్షరాలలో ఏమి వున్నదో, కూలింగ్ ఆగితే ఎవరు భరించాలో, సంఖ్యకు మాత్రమే బాధ్యతా లేక బరువుకు నాణ్యానికి కూడానా అన్నది సరుకు దింపకముందే తేల్చుకోవాలి.

రశీదు మీద కొనేవారికి, రశీదు మీద అప్పు ఇచ్చేవారికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. అమెరికాలో 1963లో జరిగిన వంటనూనె కుంభకోణం ఇందుకు పెద్ద ఉదాహరణ. న్యూజెర్సీ రాష్ట్రం బేయాన్‌లో టినో డి ఆంజెలిస్ అనే నూనె వర్తకుడు సోయా నూనె ట్యాంకులు చూపి రశీదులు పుట్టించి వాటిమీద అప్పులు తెచ్చాడు. ట్యాంకులలో చాలావరకు వున్నది నీరు. పైన మాత్రం నూనె తేలుతున్నది. ట్యాంకులను కలుపుతూ గొట్టాలు వుండటం వల్ల తనిఖీదారు ఒకచోటినుంచి ఇంకొకచోటికి వెళ్లేలోగా అదే నూనె అక్కడికి చేరేది. ఆ రశీదులు ఇచ్చినది అమెరికన్ ఎక్స్‌ప్రెస్ అనుబంధ గిడ్డంగి సంస్థ. వాయిదా మార్కెట్టులో ధర పడి నవంబరులో అతని కంపెనీ దివాలా తీయగానే సంగతి బయటపడింది. నష్టం 15 కోట్ల డాలర్లకు మించింది. ఇరా హాప్ట్ అనే బ్రోకరు సంస్థ కూలిపోయింది. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ తన పేరు నిలుపుకోవటానికి సుమారు 6 కోట్ల డాలర్లకు పరిష్కారం చేసుకోవలసి వచ్చింది. నూనె చుక్క కూడా కొనని వారు, రశీదును నమ్మినవారు, ఈ నష్టం మోశారు.

మన దేశంలోనూ 2013 జూలై 31న నేషనల్ స్పాట్ ఎక్స్ఛేంజిలో వ్యాపారం ఆగిపోయినప్పుడు సుమారు 13,000 మంది మదుపుదారులకు రావలసిన దాదాపు 5,600 కోట్ల రూపాయలు చిక్కుపడ్డాయి. గిడ్డంగులలో వుండవలసిన సరుకు చాలాచోట్ల లేదు. అంతకుముందే 2007లో గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ చట్టం వచ్చి 2010 నుంచి అమలులో వున్నది. దాని కింద నమోదైన గిడ్డంగులే చట్టబద్ధమైన బదిలీ రశీదులు ఇవ్వగలవు, అవి ఇప్పుడు ఎలక్ట్రానిక్ రూపంలో వస్తున్నాయి. ఒకే రశీదు ఇద్దరి దగ్గర తాకట్టు పెట్టే మోసానికి అది అడ్డుకట్ట. లోపల తేజ వున్నదో తాలు వున్నదో మాత్రం కంప్యూటరు చెప్పలేదు. అందుకు మనిషి వెళ్లి గోతాం విప్పాలి.

కాబట్టి ఖర్చు ఎక్కడ పెట్టాలి? నెలకు 15,000 చొప్పున ఇద్దరు రాత్రి కాపలావారికి ఏడాదికి 3,60,000 అవుతుంది. కాపలా వద్దని కాదు. కాని పగటిపూట చీటీతో పోయే సరుకును రాత్రి కాపలా ఆపలేదు. చీటీ రాసేవాడు ఒకరు, సరుకు వదిలేవాడు వేరొకరు కావటానికి అదనపు జీతం అక్కరలేదు. ఏడాదికి ఒకసారి 1,500 టిక్కీలు లాగి లెక్కపెట్టటానికి ముఠా కూలీ, తెరచిన చాంబరు తలుపు వల్ల కూలింగు నష్టం చాలా అవుతుంది. దానికి బదులు వారానికి రెండు మూడు లాట్లు, ముందుగా ఎవరికీ చెప్పకుండా, సంఖ్యతోపాటు ఒకటి రెండు గోతాలు విప్పి చూస్తే సీజనులో మొత్తం సరుకు ఒక చుట్టు తిరుగుతుంది. ఆరు నెలలకు తెలిసే లోటు ఆరు రోజులలో తెలిస్తే మనిషి గుర్తు, లారీ నెంబరు, చీటీ ఇంకా చేతిలో వుంటాయి.

లోటు తెలిసిన తరువాత చాలామంది చేసే పొరపాటు లాటును వెంటనే మళ్లీ పేర్పించటం. పోలీసు ఫిర్యాదు, బీమా కంపెనీకి నోటీసు ఇచ్చి, సర్వేయరు చూసేదాకా వున్నది వున్నట్లే వుంచాలి. ఒకవేళ సరుకు దొరికినా అది వెంటనే కొట్టుకు రాదు. కేసు సొత్తుగా స్టేషనుకు చేరుతుంది. 2024 జూలై 1 నుంచి అమలులో వున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం విచారణ ముగియకముందే సరుకు అప్పగించమని, పాడయ్యేదైతే అమ్మి సొమ్ము జమ చేయమని కోర్టును కోరవచ్చు. ఆ దరఖాస్తు వేయించటంలో ఒక నెల ఆలస్యం చేస్తే, ఏసీలో నిలిచిన ఎరుపు స్టేషను ఆవరణ ఎండలో నిలవదు. తేజగా పోయిన సరుకు రంగు తగ్గి, తక్కువ రకం ధరకు తిరిగి వస్తుంది. ఆ తేడాకు ఏ పాలసీలోనూ పద్దు లేదు.